‘ఆర్థిక ఇబ్బందుల వల్ల’ అని రాశావు చూడు

తెనాలి,
ఆదివారం సాయంత్రం

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ కవరు అంది పది రోజులైంది. అమెరికాలో పుట్టి కెనడాలో పత్రిక నడిపిన నల్లజాతి మహిళ మేరీ ఆన్ షాడ్ కేరీ గురించి నువ్వు రాసిన ఇరవై రెండు పేజీలూ రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివి పక్కన పెట్టేశాను. ఈమధ్య కళ్ళు సహకరించడం లేదు, చిన్న ఉత్తరానికి కూడా ఒక పూట పడుతోంది. అందుకని ఫోన్లో నాలుగు మంచి మాటలు చెప్పి ఊరుకుందామనుకున్నాను. కానీ నీ పద్దెనిమిదో పేజీలో ఒక వాక్యం ఉంది. అది ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు.

“ఆర్థిక ఇబ్బందుల వల్ల పత్రిక ఆగిపోయింది.”

అంతే. ఫుల్‌స్టాప్ పెట్టి, కింది పేరాలో అమెరికా అంతర్యుద్ధంలోకి వెళ్ళిపోయావు.

ఆ ఒక్క వాక్యం కింద ఆమె బతుకులో ఏడేళ్ళు ఉన్నాయమ్మా. 1853లో, ముప్పై నిండకముందు, పత్రిక మొదలుపెట్టింది. ఆ ఏడేళ్ళలోనే పెళ్ళి చేసుకుంది, తల్లి అయింది, భర్తను పోగొట్టుకుంది. ఊళ్ళు తిరిగి చందాలు అడిగింది. అదంతా నాలుగు మాటల్లో తేల్చేశావు.

నాకెందుకింత కోపం వచ్చిందో నీకు తెలియాలి. 1979లో మా వారూ నేనూ కలిసి ఇక్కడే ఒక మాసపత్రిక మొదలుపెట్టాం. ఏడాది చందా పన్నెండు రూపాయలు. పొద్దున్న పదకొండయ్యేసరికి నా చెవులు గేటు దగ్గరే ఉండేవి, పోస్ట్‌మ్యాన్ సైకిలు బెల్లు కోసం. అప్పట్లో మనియార్డరు ఫారానికి కింద ఒక చిన్న ముక్క ఉండేది, కూపన్ అనేవాళ్ళం. డబ్బు చేతిలో పెట్టి, ఆ ముక్క చించి ఇచ్చేవాడు. అరచేతిలో సగం కూడా ఉండదు. పంపినవాళ్ళ పేరు, ఊరు, మిగిలిన జాగాలో ఒక మాట. ‘జూన్ సంచిక అందలేదు.’ ‘మా అమ్మాయి పెళ్ళి వల్ల ఆలస్యమైంది, ఏమీ అనుకోవద్దు.’ ఒకావిడ ప్రతి ఏడాదీ తప్పకుండా పంపేది. ‘మా ఆయనకు తెలియదు, పత్రిక స్కూలు అడ్రసుకే వెయ్యండి’ అని ప్రతిసారీ అదే మాట రాసేది. ఆ కూపన్లన్నీ ఒక బిస్కెట్ డబ్బాలో దాచాను, ఇప్పటికీ ఉన్నాయి. మా రిజిస్టరులో మూడు వందల పైచిలుకు పేర్లు ఉండేవి. డబ్బు కట్టినవాళ్ళు ఏ ఏడాదీ నూట నలభై దాటలేదు. మిగతావాళ్ళకి వి.పి.పి., అంటే డబ్బు కట్టి విడిపించుకునే పోస్టులో, పంపితే సగం తిరిగొచ్చేవి, పోస్టేజీ మా నెత్తిన పడేది.

ఆఖరి నెలకి కంపోజిటర్‌కి రెండు నెలల జీతం బాకీ పడ్డాం. ఆయన ఒక్క మాట అనలేదు. ఆఖరి ఫారం బిగించి మిషన్ మీద పెట్టి, చేతులు కిరసనాయిలు గుడ్డతో తుడుచుకుంటూ, ‘అమ్మా, ఇది అచ్చయ్యేదాకా ఉంటాను. రేపట్నుంచి రాలేను, పిల్లలున్నారు’ అన్నాడు. మర్నాడు నేను వెళ్ళి చూస్తే టైపంతా విడదీసి ఉంది. ఏ అక్షరం ఆ గడిలో వేసి, కేసులు తుడిచి, రాత్రికి రాత్రే అంతా సర్ది వెళ్ళాడు. జీతం రాదని తెలిసీ చేసిన పని అది.

కొన్నేళ్ళ తర్వాత ఒక వారపత్రికలో చిన్న పత్రికల మీద పెద్ద వ్యాసం వచ్చింది. మా పత్రికకి అందులో ఒక వాక్యం దక్కింది. ఏం వాక్యమో నీకు చెప్పక్కర్లేదు, నువ్వు కూడా అదే రాశావు.

అందుకే చెబుతున్నాను. పత్రిక నడిపిన మనిషి గురించి రాసేటప్పుడు ముందు జమాఖర్చుల పుస్తకం తియ్యి. డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎవరు ఇచ్చారు, ఎవరు ఎగ్గొట్టారు, ఆమె ఎవరి ముందు చెయ్యి చాచనంది, చివరికి ఎవరి ముందు చాచక తప్పలేదు. ఇవి రాస్తే మనిషి దానంతటదే కనబడుతుంది. నువ్వేమో ‘నిప్పుకణిక’ అని రాశావు. తొమ్మిదిసార్లు రాశావు, పెన్సిల్‌తో గుర్తు పెట్టాను. తొమ్మిదిసార్లు చదివాక కూడా ఆమె ఎలాంటి మనిషో నాకు తెలియలేదు.

మొదటి పేజీ దగ్గర నుంచీ ఇదే ఇబ్బంది. ‘ఆ రాత్రి విల్మింగ్టన్‌లో కుండపోతగా వాన’ అని ఎత్తుకున్నావు. ఆమె పుట్టిన 1823 అక్టోబర్ 9న అక్కడ వాన పడిందని నీకెవరు చెప్పారు? తల్లి హ్యారియెట్ పసిగుడ్డును గుండెకు హత్తుకుని ప్రతిజ్ఞ చేసిందట. అది విన్నదెవరు? ఈమధ్య ఎవరి జీవితకథ తీసినా సినిమాలో మొదటి సీనులా మొదలవుతోంది. వాన, చీకటి, పురిటి కేక. ఇలా అయితేనే చదువుతారని వర్క్‌షాపుల్లో నేర్పుతున్నారని విన్నాను. నిజమైతే, ఆ నేర్పేవాళ్ళు చాలా చెడు చేస్తున్నారు. తెలిసింది ఏమీ లేనప్పుడు కదా కల్పన. ఇక్కడ ఎంత తెలుసో చూడు.

తండ్రి అబ్రహాం షాడ్ చెప్పులు కుట్టి బతికిన మనిషి. నల్లవాడు, కానీ బానిస కాదు. విల్మింగ్టన్ ఉన్న డెలావేర్ మాత్రం బానిసత్వం ఉన్న రాష్ట్రం. నల్లవాళ్ళ పిల్లలకి చదువు దొరికే చోటు కాదు. ఆయన పారిపోయి వచ్చిన బానిసలకి ఇంట్లో చోటిచ్చి ఉత్తరానికి దాటించేవాడు. ఇంతవరకూ నువ్వూ రాశావు. రాయనిది ఒకటుంది. బానిసత్వం పోవాలని విలియం లాయిడ్ గారిసన్ 1831లో బోస్టన్‌లో పెట్టిన ‘లిబరేటర్’ పత్రికకి ఆయన ఏజెంటు. ఏజెంటు అంటే ఎవరనుకున్నావు? ఊళ్ళో నలుగురి చేతా చందా కట్టించే మనిషి. అంటే చందా అనే మాట చెవిన పడుతూ పెరిగింది ఆ పిల్ల. పదమూడు మంది పిల్లల్లో పెద్దది. పెద్ద కూతురంటే ఎన్ని పనులు నెత్తిన పడతాయో నీకు చెప్పాలా? 1833లో ఆ కుటుంబం పెన్సిల్వేనియాలోని వెస్ట్ చెస్టర్‌కి మారింది, అక్కడ క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ళ బడిలో ఆమె చదువుకుంది. పదహారు పదిహేడేళ్ళకి మళ్ళీ విల్మింగ్టన్ వచ్చి, చిన్నప్పుడు తనకి దొరకని బడిని నల్లవాళ్ళ పిల్లలకోసం తనే పెట్టింది. ఆ తర్వాత నోరిస్‌టౌన్, ట్రెంటన్, న్యూయార్క్, ఇలా పదేళ్ళ పైచిలుకు పంతులమ్మ ఉద్యోగం. ఇంత ఉండగా ఆ వాన ఎందుకు?

1849లో నల్లవాళ్ళ నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్ నడిపిన ‘నార్త్ స్టార్’ పత్రికలో అచ్చయిన ఆమె ఉత్తరం గురించి రెండు లైన్లు రాశావు. పాతికేళ్ళ పిల్ల, అంత పెద్ద మనిషి పత్రికకి ఉత్తరం రాస్తూ, సభలూ తీర్మానాలూ చాలు, మాటలు తగ్గించి పని చేద్దాం అంది. నల్లవాళ్ళ చర్చిల్లో పెత్తనం చేసే పాస్టర్లను కూడా వదల్లేదు. ఆ ఉత్తరం మొత్తం దొరుకుతుంది, వెతికి చదువు. నేను ఏం చెప్పినా ఆమె గొంతు అందులో విన్నట్టు ఉండదు.

ఇక 1850లో వచ్చిన, పారిపోయిన బానిసల్ని పట్టి యజమానులకి అప్పగించే చట్టం. దాన్ని నువ్వు ‘అత్యంత క్రూరమైన, అమానుషమైన చట్టం’ అన్నావు. ఎంత క్రూరమో ఆ చట్టమే అంకెల్లో చెప్పింది. పట్టుకొచ్చిన మనిషి బానిసేనని తేలిస్తే కమిషనర్‌కి పది డాలర్ల ఫీజు. కాదని వదిలిపెడితే అయిదు డాలర్లు. పారిపోయి వచ్చినవాళ్ళకి సాయం చేసినవాళ్ళకి వెయ్యి డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు. పట్టుబడ్డ మనిషి మాత్రం తన తరఫున తాను సాక్ష్యం చెప్పుకోకూడదు. పది, అయిదు అని రాసి, నీ విశేషణాలు రెండూ కొట్టెయ్యి. చదివేవాళ్ళకి ఒళ్ళు దానంతటదే మండుతుంది.

ఈ అంకెల విషయంలో నాకో పాత గాయం ఉంది. ఒకప్పుడు పొగాకు గ్రేడింగ్‌కి వెళ్ళే ఆడవాళ్ళ మీద ఒక వ్యాసం రాశాను. మూడు నెలలు వాళ్ళతో తిరిగాను. రోజు కూలి ఎంత, మేస్త్రీ ఎంత పట్టుకుంటాడు, దగ్గు మందుకి నెలకి ఎంత అవుతుంది, అన్నీ పైసలతో సహా రాశాను. పెద్ద వారపత్రిక, పెద్ద సంపాదకుడు. లెక్కలన్నీ తీసేసి, ‘పొగచూరిన బతుకులు’ అని హెడ్డింగ్ పెట్టి వేశాడు. అడిగితే, ‘అంకెలు బోరమ్మా, పాఠకులకి కన్నీళ్ళు కావాలి’ అన్నాడు. నేను ఆ కాపీ పట్టుకుని వెళ్ళి ఆ ఆడవాళ్ళకి చదివి వినిపించాను. ఒకామె విని, ‘మా కూలి ఎంతో రాయలేదేమమ్మా?’ అని అడిగింది. ఆయన పోయి ఇరవై ఏళ్ళయింది, ఆ కోపం మాత్రం నాలో పోలేదు.

షాడ్ ఇలాంటి సంపాదకుల చేతిలో పడలేదు. తన పుస్తకం తనే వేసుకుంది. నల్లవాళ్ళు కెనడాకి వలస రావడం గురించి 1852లో వచ్చిన ఆ 44 పేజీల పుస్తకాన్ని నువ్వు ‘వలసకు ప్రేరణనిచ్చిన ఉత్తేజభరిత రచన’ అన్నావు. చదివే రాశావా? దయచేసి నిజం చెప్పు. అందులో ఉత్తేజం ఏమీ ఉండదు. కెనడాలో చలి నిజంగా ఎంత, నేల ఎలాంటిది, ఏ చెట్లు పెరుగుతాయి, అడవి కొట్టి చదును చేసుకోవాలంటే ఏం చెయ్యాలి, ఏం పండుతుంది, మాంసం ధర ఎంత, ఏ పని చేస్తే బతకొచ్చు, బడులూ చర్చిలూ ఎక్కడున్నాయి, ఓటు ఎవరికి ఉంటుంది. ఇదీ పుస్తకం. ఎందుకలా రాసింది? పెన్సిల్వేనియాలోనో ఒహాయోలోనో ఒక కుటుంబం రాత్రిపూట తలుపులేసుకుని, వెళ్దామా వద్దా అని తర్జనభర్జన పడుతూ ఉంటుంది. అక్కడికి పోతే చలికి గడ్డకట్టి చస్తారని వాళ్ళని బెదిరించేవాళ్ళు ఉన్నారు. ఆ కుటుంబానికి కావలసింది కవిత్వం కాదు, ధరల పట్టిక. ఇదే ఆమె గొప్పతనం. నీ వ్యాసంలో దీనికి కనీసం రెండు పేజీలు ఇవ్వు. వాన తీసేస్తే జాగా దొరుకుతుంది.

హెన్రీ బిబ్‌తో గొడవని ‘కొన్ని అభిప్రాయ భేదాలు’ అని దాటేశావు. ఎందుకు భయపడ్డావు? ఇద్దరూ మంచివాళ్ళే, ఇద్దరూ బానిసత్వానికి ఎదురు నిలిచినవాళ్ళే, వాళ్ళు కొట్టుకున్నారని రాస్తే బాగుండదనుకున్నావు కదూ? కానీ ఆమెను అర్థం చేసుకోవాలంటే ఆ కొట్లాటే తాళంచెవి. బిబ్ కెంటకీలో బానిసగా పుట్టి, పారిపోయి బయటపడ్డ మనిషి. 1851 జనవరిలోనే కెనడాలో ‘వాయిస్ ఆఫ్ ది ఫ్యుజిటివ్’ పత్రిక పెట్టాడు. అదే ఏడాది షాడ్ డెట్రాయిట్ నదికి కెనడా వైపు ఒడ్డున, విండ్సర్‌లో దిగింది. 1812లో అమెరికాకీ బ్రిటన్‌కీ మొదలైన యుద్ధం నాటి పాత మిలిటరీ బ్యారక్స్‌లో తలదాచుకుంటున్న జనం మధ్య బడి తెరిచింది. ఇక్కడ రెండు విషయాల్లో ఇద్దరికీ చెడింది. ఒకటి, నల్లపిల్లలకి వేరే బడి ఉండాలా అన్నది. రంగు చూసి విడదీసే బడి వద్దే వద్దని షాడ్ పట్టు. రెండోది డబ్బు. బిబ్ వెనక ఉన్న సంస్థ పారిపోయి వచ్చినవాళ్ళకి భూమి ఇప్పిస్తామని అమెరికాలో ఏజెంట్లను పెట్టి విరాళాలు, పాత బట్టలు వసూలు చేసేది. షాడ్‌కి ఇది నచ్చలేదు. ఆ డబ్బు చేరాల్సినవాళ్ళకి చేరడం లేదంది. అంతకన్నా ముఖ్యంగా, మమ్మల్ని ప్రపంచం ముందు బిచ్చగాళ్ళుగా నిలబెడుతున్నారంది. వచ్చినవాళ్ళు ఒళ్ళు వంచి పనిచేసుకుని బతుకుతున్నారు, వాళ్ళ పేరు చెప్పి జోలె పట్టొద్దు అంది.

బిబ్ ఊరుకున్నాడా? ఆమె బడికి అమెరికన్ మిషనరీ అసోసియేషన్ నుంచి ఏడాదికి 125 డాలర్లు వస్తున్నాయని తన పత్రికలో బయటపెట్టాడు. బిచ్చం వద్దన్న మనిషి తీసుకుంటున్నది ఏమిటని అర్థం. ఆమెకి అది ఎంత కాలిందో ఊహించుకో. ఆమె కూడా నోరు తక్కువ మనిషేం కాదు, ఉత్తరాల్లో బిబ్‌ని తిట్టిన తిట్లు చదివితే నీకే తెలుస్తుంది. 1853 మొదట్లో ఆ మిషనరీ సంస్థ సాయం ఆపేసింది. ఆమె మతవిశ్వాసాలు తమకి సరిపడవని కారణం చెప్పారు. చేతిలో బడి పోయింది, ఊళ్ళో ఉన్న ఒక్క నల్లవాళ్ళ పత్రికా ఆమెకి వ్యతిరేకం. అప్పుడు పెట్టిందమ్మా ‘ప్రొవిన్షియల్ ఫ్రీమన్’. ‘అక్షరం మీద ప్రేమతో’ అని రాశావు. తప్పు. తన మాట అచ్చువేసేవాళ్ళు ఎవరూ లేక పెట్టింది. మా పత్రికా అలాగే పుట్టింది.

దాని మొదటి సంచిక 1853 మార్చి 24న వచ్చింది. సంపాదకుడిగా శామ్యూల్ రింగ్‌గోల్డ్ వార్డ్ పేరు వేశారు. పెద్ద ఉపన్యాసకుడు, పేరున్న మగవాడు. ఆయన కొద్ది రోజులకే ఇంగ్లండ్ వెళ్ళిపోయాడు. పని మొత్తం ఆమెది. మొదటి సంచిక తర్వాత ఒక ఏడాదిపాటు రెండో సంచిక లేదు. ఆ ఏడాది ఏం చేసిందో నీ వ్యాసంలో లేదు. ఊరూరా తిరిగి, ఉపన్యాసాలిచ్చి, చందాదారుల్ని కూడగట్టింది. 1854 మార్చి 25న టొరంటో నుంచి మళ్ళీ మొదలై, అప్పట్నుంచి వారం వారం వచ్చింది. ‘స్వావలంబనే స్వాతంత్ర్యానికి అసలైన దారి’ అని పత్రిక నెత్తిన అచ్చువేసుకుంది. ఆ వాక్యం నువ్వు చక్కగా ఉదాహరించావు. కానీ అది బిబ్‌తో జరిగిన జోలె గొడవలోంచి పుట్టిందని చెప్పకపోతే గోడ మీద సూక్తిలా ఉండిపోతుంది.

ఆమె చాలాకాలం పేరు బయటపెట్టలేదు. ఎం. ఎ. షాడ్ అని మాత్రమే ఉండేది. ఉత్తరాలన్నీ ‘మిస్టర్ షాడ్’కి వచ్చేవి. 1854లో ఆమే పత్రికలో పూర్తి పేరు వేసి, నన్ను మిస్టర్ అనకండి, నాకు నచ్చదు అని చెప్పింది. ఇక్కడ మాత్రం నేను ఆగిపోయాను. నేనూ మొదట్లో ఇంటిపేరు, పొడి అక్షరాలు వేసుకుని కథలు పంపేదాన్ని. ఒక మాసపత్రిక నుంచి ‘శ్రీయుత’ అని రాసి, కథ వేస్తున్నామని కార్డు వచ్చింది. సంతోషం పట్టలేక ప్రెస్సు అడ్రసు వెతుక్కుంటూ బెజవాడ వెళ్ళాను. నన్ను చూసి, ‘ఓహో, మీరా’ అన్నారు. కథ ఆర్నెల్ల తర్వాత వచ్చింది, మహిళల పేజీల్లో, చివర రెండు పేరాలు లేకుండా. కథలో ఉన్నది లారీ డ్రైవరు. వంటల పక్కన పడుకోబెట్టారు వాణ్ణి.

ఆడమనిషి అని తెలిశాక చందాదారులు ఆమెకేమీ ఇంకా దగ్గరవలేదు. 1855 జూన్‌లో సంపాదకుడి కుర్చీని విలియం న్యూమన్ అనే పాస్టర్‌కి అప్పగిస్తూ వీడ్కోలు రాసింది. అందులో నల్లజాతి ఆడవాళ్ళతో ఒక మాట చెప్పింది. ఇష్టంగానో అయిష్టంగానో సంపాదకత్వం మీద పేరుకున్న మంచును మీకోసం పగలగొట్టాం, చేతనైనవాళ్ళంతా రండి, పత్రికలు నడపండి అని. కెనడా చలిలో ఉన్న మనిషి, మంచు పగలగొట్టడం అంటే ఏమిటో ఒళ్ళు నొప్పులతో సహా తెలిసిన మనిషి అంటున్న మాట అది. నువ్వు దాన్ని ‘చరిత్రాత్మక ప్రకటన’ అన్నావు. కుర్చీ దిగిపోతూ అన్న మాట అని రాయడం మరిచిపోయావు.

1855 అక్టోబర్‌లో ఫిలడెల్ఫియాలో జరిగిన నల్లజాతి జాతీయ సభ గురించి నువ్వు రాసిన పేరా బాగుంది. ఆడమనిషికి చోటివ్వాలా వద్దా అని ఓటు పెట్టడం, 38 మంది సరేననడం, 23 మంది వద్దనడం, ఆ తర్వాత ఆమె మాట్లాడుతూ ఉంటే టైము అయిపోయినా సభ ఇంకో పది నిమిషాలు ఇవ్వడం. ఒక్క విశేషణం లేదు అందులో. మొత్తం అలా రాయి.

ఆ సభకి కొంచెం ముందే పత్రిక కెనడాలోనే చాథమ్‌కి మారింది. తమ్ముడు ఐజాక్, చెల్లెలు అమీలియా, అందరూ తలో చెయ్యి వేశారు. 1856 జనవరిలో థామస్ కేరీ అనే మంగలి షాపు నడిపే ఆయన్ని పెళ్ళి చేసుకుంది. ఆయనకప్పటికే ముగ్గురు పిల్లలు. ‘భర్త అండతో’ అని రాశావు, సరే. కానీ ఆమె ఇంట్లో ఎన్ని రోజులు ఉంది? నది దాటి మళ్ళీ అమెరికాలోకి, మిషిగన్, ఇల్లినాయ్, ఒహాయో. ఏ దేశంలో పది డాలర్ల ఫీజు కోసం నల్లమనిషిని బానిసని తేల్చే కమిషనర్లు ఉన్నారో ఆ దేశంలోకే, చలికాలంలో, చందాలు అడగడానికి. ఒక హాల్లో ఉపన్యాసం, చివర్లో చందా పుస్తకం, మర్నాడు ఇంకో ఊరు. ఆ పత్రిక ఎవరికోసమో వాళ్ళలో చాలామందిని చదువు నేర్చుకోనివ్వలేదు, దక్షిణాదిలో చాలాచోట్ల బానిసలకి చదువు చెప్పడం నేరం. చదవగలిగినవాళ్ళ దగ్గర డబ్బు లేదు. డబ్బున్న తెల్లవాళ్ళకి, తమని ప్రశ్నించే నల్లమనిషి పత్రిక మీద ఆసక్తి తక్కువ. బాకీ ఉన్న చందాదారుల్ని పత్రికలోనే నిలదీసింది. చివరికి పత్రిక బతకడానికి సాయం చెయ్యమని ఆమే అడగాల్సి వచ్చింది. జోలె పట్టొద్దన్న మనిషి. ఇది కూడా రాయి. దాస్తే ఆమెకి గౌరవం ఇచ్చినట్టు కాదు. ఆ ఉత్తరాలు రాసేటప్పుడు ఆమె చెయ్యి ఎలా ఆడి ఉంటుందో నాకు తెలుసు. నేనూ రాశాను అలాంటివి. వాటి కాపీలు మాత్రం బిస్కెట్ డబ్బాలో లేవు.

ఇంకో మనిషిని వదిలేశావు. ఆ పత్రికలో ఆస్‌బర్న్ ఆండర్సన్ అని ఒక ప్రింటర్ ఉండేవాడు. 1858 మేలో, ఆయుధాలతో బానిసత్వాన్ని కూలదొయ్యాలని చూసిన జాన్ బ్రౌన్ చాథమ్ వచ్చి రహస్య సభ పెట్టినప్పుడు అతను అక్కడున్నాడు. మరుసటి ఏడాది బ్రౌన్ హార్పర్స్ ఫెర్రీ ఆయుధాగారం మీద చేసిన దాడిలో పాల్గొన్న అయిదుగురు నల్లవాళ్ళలో ప్రాణాలతో తప్పించుకున్నది అతనొక్కడే. 1861లో అతను ఆ దాడి గురించి పుస్తకం తెస్తే, రాతలో చెయ్యి సాయం చేసింది షాడ్. అంటే పత్రిక ఆగిపోయిన తర్వాత ఆ ప్రింటర్‌కి ఆమె ఎడిటర్‌గా పనిచేసింది. మా కంపోజిటర్ గుర్తొచ్చి ఈ పేజీ దగ్గర చాలాసేపు కూర్చున్నాను.

మిగతా ముప్పై ఏళ్ళూ పర్వాలేదు. నల్లవాళ్ళ నాయకుడు మార్టిన్ డెలనీ పిలిస్తే అంతర్యుద్ధంలో ఇండియానా తరఫున నల్లవాళ్ళను సైన్యంలో చేర్పించడం, వాషింగ్టన్‌లో బడి, హోవర్డ్ యూనివర్సిటీలో 1869లో మొదలైన లా చదువు అరవైకి దగ్గరపడ్డాక 1883లో పూర్తికావడం, ఆడవాళ్ళ ఓటు కోసం పోరాటం, 1893 జూన్ 5న పోవడం, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కొంచెం కుదించు. నీ హెడ్డింగ్ మాత్రం మార్చు. ‘అమెరికా ఝాన్సీరాణి’ అట. ఆమె రాణి కాదు, గుర్రం ఎక్కలేదు, కత్తి పట్టలేదు. మనకి తెలిసినవాళ్ళతో పోలిస్తే తప్ప మన పాఠకులు చదవరని నీకెందుకనిపించింది? విండ్సర్ బ్యారక్స్‌లోనే ఆమెను ఉండనివ్వు. మనవాళ్ళు అక్కడిదాకా వస్తారు.

నాలుగు ప్రశ్నలు అడిగావు. పోటీకి పంపొచ్చా అన్నదాని గురించి తర్వాత మాట్లాడదాం. ‘ఆధారాలు ఎక్కడ వెతకాలి’ అన్నదానికి మాత్రం జవాబు ఇది. ఆ పత్రిక పాత సంచికలు స్కాన్ చేసి ఇంటర్నెట్లో పెట్టారని మా మనవడు చూపించాడు, కొన్ని పేజీలు పెద్ద అక్షరాలు చేసి చదివించాడు కూడా. నువ్వు సంపాదకీయాలే చదివినట్టున్నావు. అది నాలుగు పేజీల పత్రిక. ప్రకటనలు చదువు, ఏజెంట్ల పేర్లు చదువు, బాకీల గురించి వేసిన నోటీసులు చదువు. ఏ ఊళ్ళో ఎవరు ఆమె కోసం చందాలు కట్టించారో రాసిపెట్టుకో.

నీ పేజీలు పోస్టులో తిరిగి పంపుతున్నాను. అంచుల్లో పెన్సిల్ రాతలున్నాయి, కొన్నిచోట్ల గట్టిగా రాశాను, బాధపడకు. అందులో ఇరవై ఒక్క పేజీలే ఉంటాయి. పద్దెనిమిదో పేజీ నా దగ్గర ఉంచుకున్నాను. అది కొత్తగా రాసి, సంక్రాంతి లోపల పంపు.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ వయసు మనిషి